పడక కుర్చీలో ఆరు వారాలు

కుడి భుజానికి ఆపరేషనయిన రాత్రి హాయిగానే నిద్రపోయాను. మెడ దగ్గర నరాలకిచ్చిన మత్తు తెల్లవారుజామున విడిపోయాకే అసలు నొప్పి తెలిసింది.

భుజం కీలును నాలుగు కండరాల టెండన్లు చుట్టి పట్టుకుంటాయి. వాటినే కలిపి రోటేటర్ కఫ్ అంటారు. నాకు పైనున్న టెండన్ తెగింది. దాన్ని ఎముకకు కుట్టారు. అది అతుక్కోవడానికి వారాలు పడుతుంది. వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి వెనక్కి జారి ఆ కుట్టు లాగుతుంది. అందుకే ఆరు వారాలూ నాన్నగారి పడక కుర్చీయే నా మంచం. మా ఆవిడ పాత నేత చీర నాలుగు మడతలు పెట్టి మోచేతి కింద సర్దేది. పడుకున్నప్పుడు మోచెయ్యి మన కంటికి కనబడాలి, అదే గుర్తు. చేతికి కట్టిన స్లింగు రాత్రి కూడా తియ్యలేదు.

నిద్రను కొలవడానికి 1989లో పిట్స్‌బర్గ్‌లో తయారైన ప్రశ్నావళి ఉంది. 0 నుంచి 21 దాకా మార్కులు, 5 దాటితే నిద్ర బాగాలేనట్టు. దానితో కొలిస్తే, ఇలా భుజం టెండన్ తెగిన చాలామందికి నిజానికి ఆపరేషనుకు ముందే నిద్ర పాడై ఉంటుంది. నాకూ అంతే. మూడో నెలలో మొదటిసారి తెల్లారేదాకా పడుకున్నాను.

మీకు నిద్ర పట్టకపోతే సొంతంగా నిద్రమాత్రలు వేసుకోకండి. నొప్పి మందులతో కలిస్తే ప్రమాదం. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.