మేఘమథనం మంటలార్పదు: కరువులో కాలే అడవులు, ఆకాశం మీదికి నెట్టే బాధ్యత

2024 మే 8న ఉత్తరాఖండ్ అడవుల మంటలపై సుప్రీంకోర్టులో విచారణ జరిగింది. మేఘమథనమో, వాన దేవుడి దయో ఈ సమస్యకు జవాబు కాదని, ప్రభుత్వమే ముందుగా నివారణ చర్యలు తీసుకోవాలని జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం తేల్చి చెప్పింది. ఆ ఏడాది శీతాకాలంలో పశ్చిమ హిమాలయాల్లో వాన, మంచు రెండూ సరిగా పడలేదు. ఏప్రిల్ చివరికి మంటలు నైనిటాల్‌లో హైకోర్టు కాలనీ సమీపానికి వచ్చాయి. అప్పుడు వైమానిక దళం హెలికాప్టర్ సరస్సు నీళ్లు తోడి అడవి మీద కుమ్మరించింది.

కోర్టు చెప్పిన ఆ ఒక్క మాట వెనుక పెద్ద ప్రశ్న ఉంది. కరువొచ్చి అడవి అంటుకున్న ప్రతిసారీ పాలకుల చూపు ఆకాశం మీదికి ఎందుకు పోతుంది? నేల మీద మంట ఆర్పుతున్న మనుషుల మీదికి ఎందుకు రాదు? ఈ ప్రశ్నను సైన్సు వైపు నుంచీ, కులం వైపు నుంచీ కూడా చూడాలని మేం అనుకుంటున్నాం.

మబ్బు లేనిచోట మథనం ఏమిటి?

మేఘమథనం మాయ కాదు, మోసమూ కాదు. దానికి ఒక హద్దు ఉంది. 1946లో అమెరికాలో విన్సెంట్ షేఫర్ పొడి మంచుతో, బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడ్‌తో చేసిన ప్రయోగాలు దీనికి మూలం. మబ్బులో సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి బిందువులుంటాయి. సిల్వర్ అయొడైడ్ స్ఫటికం మంచు స్ఫటికాన్ని పోలి ఉంటుంది కాబట్టి ఆ బిందువులు దాన్ని పట్టుకుని గడ్డకట్టి, బరువెక్కి కిందికి రాలతాయి. వెచ్చని మబ్బుల్లో అయితే ఉప్పు రేణువులు చల్లుతారు. అవి తేమను పీల్చుకుని పెద్ద చినుకులవుతాయి.

అంటే ఈ పద్ధతి మబ్బును పుట్టించదు. ఉన్న మబ్బు నుంచి కాస్త ఎక్కువ వాన రాబట్టాలని చూస్తుంది, అంతే. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ 2018, 2019 వానాకాలాల్లో సోలాపూర్ ప్రాంతంలో చేసిన ప్రయోగంలో వాన సుమారు 18 శాతం పెరిగినట్టు తేలింది. ఆ ఫలితం కూడా వానాకాలంలో, తగిన మబ్బులను ఏరుకుని చల్లితే వచ్చింది.

అడవి అంటుకునే రోజులు దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఎండ మండుతుంటుంది, గాలిలో తేమ ఉండదు, ఆకాశంలో మబ్బు ఉండదు. అడవిని కాల్చే పరిస్థితులే మేఘమథనాన్ని వ్యర్థం చేస్తాయి. 2025 అక్టోబర్ 28న ఢిల్లీలో కాలుష్యం తగ్గించడానికి ఐఐటీ కాన్పూర్ మేఘమథనం చేసినప్పుడు ఇదే కనిపించింది. మబ్బుల్లో తేమ 15 శాతానికి మించలేదు, చెప్పుకోదగ్గ వాన పడలేదు. అలాంటి అయిదు ప్రయోగాలకు ఢిల్లీ ప్రభుత్వం 3 కోట్ల 21 లక్షల రూపాయలు మంజూరు చేసింది.

తెలుగు నేలకు ఈ మాట కొత్త కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరువు జిల్లాల మీద విమానాలు తిప్పింది. ఇప్పుడు కేంద్రం 2024 సెప్టెంబర్‌లో 2,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన 'మిషన్ మౌసమ్'లోనూ వాతావరణాన్ని మార్చే పరిశోధన ఒక భాగం. పరిశోధన జరగాల్సిందే. అయితే పరిశోధన వేరు, విధానం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని ఎగ్గొట్టడంతోనే మాకు పేచీ.

అడవి ఎందుకు అంటుకుంటుంది?

కరువు నిప్పు పెట్టదు, నిప్పుకు మేత తయారు చేస్తుంది. మన నల్లమల లాంటి ఆకురాల్చే అడవుల్లో ఫిబ్రవరి నుంచి మే దాకా నేలంతా ఎండుటాకు పరుచుకుంటుంది. ఉత్తరాఖండ్‌లో ఆ పని చీర్ పైన్ సూదులు చేస్తాయి. కలప కోసం, జిగురు కోసం ఆంగ్లేయుల అటవీ శాఖ పైన్ చెట్టును ప్రోత్సహించింది. ఊళ్లకు మేత, వంటచెరకు ఇచ్చే బంజ్ ఓక్ అడవి వెనక్కి పోయింది. పైన్ సూదుల్లో జిగురు ఉంటుంది కాబట్టి ఎండితే చటుక్కున అంటుకుంటాయి.

నిప్పు పెట్టేది ఎక్కువగా మనిషే. కొత్త గడ్డి మొలుస్తుందని, ఇప్పపువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉంటుందని, తునికాకు బాగా చిగురిస్తుందని నిప్పు పెట్టడం ఉంది. దాన్ని దాచాల్సిన పని లేదు. బీడీ పీక పడేసే బాటసారి, రోడ్డు పనివాళ్ల తారు పొయ్యి, చెత్త తగలబెట్టే రిసార్టు కూడా ఉన్నాయి. అయితే కేసు పడాల్సి వస్తే ముందు ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు. ఉత్తరాఖండ్ ప్రభుత్వం మంటలన్నీ మనుషులు పెట్టినవేననీ, 350 క్రిమినల్ కేసులు పెట్టామనీ, 62 మంది పేర్లు చేర్చామనీ సుప్రీంకోర్టుకు చెప్పింది. కొద్ది రోజుల తర్వాత అదే కోర్టు, మంటల కాలంలో అటవీ సిబ్బందిని ఎన్నికల పనికి ఎందుకు పంపారని అదే ప్రభుత్వాన్ని నిలదీసింది.

చట్టం కూడా ఇలాగే ఒక వైపుకు వంగి ఉంది. 1927 నాటి భారత అటవీ చట్టం 26వ సెక్షన్ ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. 79వ సెక్షన్ సంగతి చాలామందికి తెలియదు. అడవిలో మేత, కట్టె వంటి హక్కు అనుభవించేవాళ్లు మంట ఆర్పడానికి సాయపడి తీరాలి, లేకపోతే జైలుకో జరిమానాకో సిద్ధపడాలి. కూలి మాట మాత్రం అందులో లేదు. దీన్ని మన ఊళ్లలో వెట్టి అంటారు. కుమావూ కొండల జనం 1921 జనవరిలో బాగేశ్వర్‌లో వెట్టి రిజిస్టర్లను నదిలో పారేశారు. అదే ఏడాది వేసవిలో ప్రభుత్వ పైన్ అడవులు తగలబడ్డాయి. తమ అడవిని గుంజుకున్న వాళ్ల మీద జనం చేసిన తిరుగుబాటది.

నిప్పుకూ అడవికీ ఉన్న పొత్తు తెలిసినవాళ్లు ఆదివాసులే. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు వేసవి ముదరక ముందే, ఎండుటాకు పలుచగా ఉన్నప్పుడే చిన్న మంట పెట్టేవారు. దాన్ని వాళ్లు 'తరగు బెంకి' అంటారు, ఎండుటాకు మంట అని అర్థం. అది పెద్ద చెట్లను తాకకుండా నేల మీద ఆకును మాత్రం కాల్చిపోయేది. అటవీ శాఖ దాన్ని నిషేధించింది. తర్వాత లాంటానా పొద అడవంతా కమ్ముకుందనీ, ఇప్పుడు అంటుకుంటే పెద్ద మంటే లేస్తుందనీ సోలిగలు చెబుతున్నారు. వారితో కలిసి పనిచేసిన పరిశోధకులూ ఈ మాటను బలపరిచారు.

ఆర్పే చేతులు ఎవరివి?

2024 మేలో వాన పడింది, మంటలు తగ్గాయి. వార్తలు ఆగిపోయాయి. జూన్ 13న అల్మోడా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మళ్లీ మంట లేచింది. ఆర్పడానికి వెళ్లిన సిబ్బందిలో నలుగురు ఆ రోజే కాలి చనిపోయారు. గాయపడినవాళ్లలోనూ కొందరు తర్వాత ప్రాణాలు వదిలారు. ఫైర్ వాచర్లు, రోజుకూలీలు వాళ్లలో ఉన్నారు. మబ్బుల మీద నెల రోజులు చర్చ జరిగింది. వీళ్ల కాళ్లకు బూట్లున్నాయా, ఒంటికి మంటలను తట్టుకునే బట్టలున్నాయా అన్న చర్చ వాళ్లు చనిపోయాకే మొదలైంది.

మన దేశంలో చాలా చోట్ల అడవి మంటను ఇప్పటికీ పచ్చి కొమ్మలతో కొట్టే ఆర్పుతారు. మండే దారికి అడ్డంగా ఆకు ఊడ్చి ఫైర్ లైన్లు తీస్తారు. ఆ పని వేసవి మూడు నెలల కోసం పెట్టుకున్న కూలీలది. వాళ్లు ఎక్కువగా అడవి అంచు ఊళ్ల దళితులు, ఆదివాసులు. సీజన్ అయిపోగానే పనీ పోతుంది.

ఇది మన దేశానికే పరిమితం కాదు. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్‌ను కాల్చిన పాలిసేడ్స్, ఈటన్ మంటలు 16,000కు పైగా కట్టడాలను బూడిద చేశాయి. అంతకు ముందు రెండు శీతాకాలాలు వానలు దండిగా కురిసి గడ్డి, పొదలు ఏపుగా పెరిగాయి. ఆ తర్వాత ఎనిమిది నెలలు దాదాపు చుక్క పడలేదు. ఎండిన ఆ పొదల మీదికి శాంటా ఆనా పొడిగాలి పెనువేగంతో వీచింది. మంట ఆర్పడానికి దిగినవాళ్లలో వెయ్యి మందికి పైగా జైలు ఖైదీలు. వాళ్ల రోజు కూలి 5.80 డాలర్ల నుంచి 10.24 డాలర్లు, మంటల్లో ఉన్నప్పుడు గంటకు ఇంకో డాలరు. ఆ రాష్ట్ర జైళ్లలో నల్లజాతి వాళ్లు జనాభాలో తమ వాటాకు మించి ఎన్నో రెట్లు ఉన్నారు. ఉద్యమం, విమర్శ గట్టిగా వచ్చాకే 2025 అక్టోబర్‌లో మంటల్లో పనికి గంటకు 7.25 డాలర్లు ఇవ్వాలని చట్టం చేశారు.

ఆల్టడీనా పట్టణం పడమటి భాగంలో ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. వేరే పేటల్లో ఇల్లు కొననివ్వని రోజుల్లో వాళ్లకు దొరికిన చోటు అది. మంట సాయంత్రం లేస్తే, ఆ పడమటి భాగానికి ఖాళీ చేయమనే హెచ్చరిక తెల్లవారుజామున మూడు దాటాక వచ్చింది. ఈటన్ మంటల్లో చనిపోయినవాళ్లలో దాదాపు అందరూ అక్కడివాళ్లే. వెలివాడ చరిత్ర తెలిసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

పైకి చూపించే మూడు వేళ్లు

వాతావరణాన్ని అదుపు చేయడం గురించిన ఊహలు మూడు రకాలు. మొదటిది యాగం. 2012 కరువులో కర్ణాటక ప్రభుత్వం వాన కోసం పూజలు చేయాలని 34,000 ఆలయాలకు తలా 5,000 రూపాయలు కేటాయించింది. లెక్క వేస్తే 17 కోట్లు. ప్రజల ఖజానా నుంచి పోయే ఈ డబ్బు ఏ కులం చేతికి దక్షిణగా చేరుతుందో అడగాలి. ఊళ్లో కప్పను రోకలికి కట్టి నీళ్లు పోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగే పేదల కప్పతల్లి ఆటకు ఖజానా ఏనాడూ తెరుచుకోలేదు.

రెండోది విమానం, పైన చెప్పుకున్నదే.

మూడోది వదంతి. వాతావరణం ఎవరి చేతిలోనో ఉందనీ, మంటలూ వరదలూ వాళ్లు కావాలని పంపినవేననీ చెప్పే కథ. అప్పటి అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు మార్జరీ టేలర్ గ్రీన్ 2024 అక్టోబర్‌లో తుపాను వచ్చినప్పుడు వాతావరణాన్ని వాళ్లు అదుపు చేయగలరని రాశారు. లాస్ ఏంజిలిస్ తగలబడుతున్నప్పుడు మేఘమథనం ఎందుకు చేయరని అడిగారు. 2025 జూలైలో టెక్సస్ వరదల తర్వాత వాతావరణ మార్పు ప్రయోగాలనే నేరంగా చేసే బిల్లు తెస్తానన్నారు. ఈ కథలకు ఒక నిజమైన వేరు ఉంది. వియత్నాం యుద్ధంలో 1967 నుంచి 1972 దాకా అమెరికా సైన్యం వానలు పొడిగించి దారులు బురద చేయాలని రహస్యంగా మేఘమథనం చేసింది. అందుకే ఐక్యరాజ్యసమితి యుద్ధంలో అలాంటి పనిని నిషేధిస్తూ ఒప్పందం తెచ్చింది. జనం అనుమానించడంలో తప్పు లేదు. అనుమానం ఎటు పోతుందన్నదే ప్రశ్న. బొగ్గు, చమురు కాల్చి భూమిని వేడెక్కించిన కంపెనీల మీదికి పోవాల్సిన కోపం మబ్బుల్లోకి పోతే, ఆ కంపెనీలకు అంతకన్నా ఏం కావాలి?

ఈ మూడింటి లాభం ఒకటే, ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. శాన్ డియేగో నగరం 1915 చివర్లో చార్లెస్ హాట్‌ఫీల్డ్ అనే వానల వ్యాపారితో జలాశయం నింపితే 10,000 డాలర్లు ఇస్తామని మాట్లాడుకుంది. 1916 జనవరిలో కుండపోత వానకు ఆనకట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. అతను డబ్బు అడిగితే, నష్టాలన్నీ నువ్వు భరిస్తేనే ఇస్తామంది నగరం. చివరికి అది దేవుడి పని అన్నారు. వాన పడితే మాది, వరదొస్తే దేవుడిది. నూరేళ్ల తర్వాతా పాలకుల లెక్క అదే.

వాన పడ్డాక ఆ నీళ్లు ఎవరివి?

మేఘమథనం బ్రహ్మాండంగా పనిచేసిందనే అనుకుందాం. ఆ వాన ఎవరి పొలంలో నిలుస్తుంది? వానకు కులం లేదు, చెరువుకు ఉంది. 1927లో బాబాసాహెబ్ అంబేద్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి వేలమందిని వెంటబెట్టుకుని నడవాల్సి వచ్చింది. అది చట్టం ప్రకారం అప్పటికే అందరికీ తెరిచిన చెరువు. 1985లో కారంచేడులో మాదిగలు తాగే చెరువును మురికి చేయొద్దని అన్నందుకు మొదలైన గొడవ, ఆరుగురు మాదిగల హత్యకు దారితీసింది. ఆకాశం నుంచి పడే ప్రతి చినుకూ చివరికి ఈ నేల మీదే పడుతుంది. భూమి లేనివాడికి కరువు పోయినా కరువే.

ఏం అడగాలి?

విద్యార్థులు, కార్యకర్తలు సమాచార హక్కు దరఖాస్తుతోనే మొదలుపెట్టవచ్చు. మీ జిల్లా అటవీ శాఖను ఇవి అడగండి:

- ఈ వేసవిలో ఎంతమంది ఫైర్ వాచర్లను పెట్టుకున్నారు? రోజు కూలి ఎంత, ఎన్ని నెలల బకాయి ఉంది?
- వాళ్లకు బూట్లు, రక్షణ దుస్తులు, బీమా ఇచ్చారా? చనిపోతే పరిహారం ఎంత?
- ఎన్ని గార్డు, వాచర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి? మంటల కాలంలో సిబ్బందిని వేరే పనులకు పంపారా?
- మంటల పేరుతో ఎన్ని కేసులు పెట్టారు? ఎన్నింటిలో నేరం రుజువైంది?
- అటవీ హక్కుల చట్టం కింద అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే సామూహిక హక్కు ఎన్ని గ్రామసభలకు ఇచ్చారు?

చివరి ప్రశ్న దళితులకు ప్రత్యేకంగా ముఖ్యం. ఆ చట్టంలో ఆదివాసులు కానివాళ్లు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు చూపాలి. చదువూ భూమీ కాగితమూ దక్కనివ్వని కులాలను 75 ఏళ్ల కాగితం తెమ్మని అడుగుతున్నారు. దాంతో అడవి అంచున బతికే దళితుల దరఖాస్తులు కుప్పలుగా తిరస్కరణకు గురవుతున్నాయి. అడవి మీద హక్కు లేదు, అడవి కాలితే కేసు మాత్రం ఉంది, ఆర్పే బాధ్యతా ఉంది.

సోలిగలకు 2011లో పులుల అభయారణ్యంలోనే సామూహిక హక్కు పత్రాలు దక్కాయి. అది కొట్లాడితే వచ్చిన హక్కు. అడవి తెలిసినవాళ్లకు అడవి మీద అధికారం, మంట ఆర్పేవాళ్లకు తగిన కూలి, రక్షణ, గౌరవం. వచ్చే ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలయ్యేలోపు ఇవి అడిగి సాధించుకోవాలి. వీటి కోసం ఏ మబ్బూ రానక్కర్లేదు.