శ్రీరంగపట్టణపు సంధి చిత్రములు

యుద్ధమును చిత్రించుట చిత్రకారునకు సులభము. సంధిని చిత్రించుట కష్టము. ఫిరంగుల పొగయు, చెలరేగిన గుఱ్ఱములును చూపరుల దృష్టిని తమంతట తామే ఆకర్షించును గాని, డేరాలో కూర్చుండి రూపాయలను, తాలూకాలను లెక్కించుకొను వకీళ్లను చూడగోరువారు కొలదిమంది. అయినను 1792లో శ్రీరంగపట్టణమున జరిగిన సంధి, తామ్రఫలకములపై చెక్కి అచ్చొత్తిన చిత్రముల రూపమున ఇంగ్లండు దేశపు గృహములలో గోడ లెక్కినది. అందులకు కారణము ఇద్దరు బాలురు.

ఈస్టిండియా కంపెనీయు, నిజామును, మహారాష్ట్రులును ఏకమై టిప్పూ సుల్తానుపై సాగించిన యుద్ధమున, ఫిబ్రవరి 6వ తేదీ రాత్రి శ్రీరంగపట్టణపు కోట వెలుపలి శిబిరములు కూలిపోగా సుల్తాను సంధికి సమ్మతించెను. రాజ్యమున సగభాగము, 3 కోట్ల 30 లక్షల రూపాయలు, ఇవి చెల్లువఱకు జామీనుగా ఇద్దరు కుమారులు: షరతు లివి. పదేండ్ల ప్రాయపు అబ్దుల్ ఖాలికును, ఎనిమిదేండ్ల మొయిజుద్దీనును తెల్లని మస్లిను అంగీలతో, ఎఱ్ఱని తలపాగలతో, మెడలో ముత్యాల పేరులతో ఏనుగుల నెక్కి ఫిబ్రవరి 26న ఇంగ్లీషు శిబిరమునకు వచ్చిరి. సుల్తాను వకీలు గులాం అలీఖాన్ వారిని ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిసు ప్రభువునకు అప్పగించి, ఇకమీదట వీరికి తండ్రి తామేయని విన్నవించెను. ప్రభువు వారిని అక్కున జేర్చుకొని బంగారు గడియారములను బహూకరించెను.

సైన్యమువెంట నున్న రాబర్టు హోమ్ ఈ ఘట్టమును చిత్రించి, చిత్రపు అంచున తన రూపమును గూడ నిలిపెను. హిందూదేశమును కంటితో చూడని మేథర్ బ్రౌన్ లండనులో కూర్చుండి, బాలురు సంధిపత్రమును ప్రభువు చేతికందించు దృశ్యమును కల్పించగా, డేనియల్ ఓర్మ్ దానిని చెక్కి అచ్చొత్తించెను. చూడనివాని చిత్రమే ఇంటింటికిని జేరుట ముద్రణకు గల శక్తి. పదునొకండేండ్లకు ముందు, 1781లో, అమెరికాయందు యార్క్‌టౌనులో శత్రువునకు లొంగిపోయినది ఈ కార్న్‌వాలిసు సైన్యమే; అట్టి సేనాని దయామయుడైన విజేతగా కనుపించుట ఇంగ్లండు జనులకు మిక్కిలి ఊరటనిచ్చి యుండును. బిడ్డల చేయి పట్టుకొన్న ప్రభువును చూచి మురిసినవారికి, ఆ బిడ్డలు అప్పు తీరువఱకు పట్టియుంచబడిన జామీనులను మాట స్ఫురించుట దుర్లభము. ఈ చిత్రముల సౌందర్యమును ఒప్పుకొనుచునే, వాని యందలి ఈ మఱుగును నేను క్షమింపజాలను.

బేరసారములు నడపినవారిలో నిజాము పక్షమున నిలిచినవాడు మీర్ ఆలం. హైదరాబాదులోని మీరాలం చెరువు ఆయన పేరిటిదే. రొక్కములో సగము వెంటనే చెల్లవలెననియు, మిగిలినది నాలుగేసి మాసములకొక వాయిదా చొప్పున మూడు వాయిదాలలో తీరవలెననియు వ్రాసికొన్న ఆ చర్చల రూపము ఈ ప్రసిద్ధ చిత్రములలో కానరాదు. బాలురు మద్రాసున ఉంచబడి 1794లో తండ్రిని జేరిరి. భూమి మాత్రము తిరిగి రాలేదు. ఆ సంధిలో కడప, గండికోట ప్రాంతములు నిజాము పాలయ్యెను; నిజాము వానిని 1800లో కంపెనీకి దత్తము చేసెను. నేటి రాయలసీమను మన పెద్దలు దత్తమండలమని పిలిచినది అందువలననే.