కార్యాలయ సర్వరు మార్పిడి

కార్యాలయ సర్వరు మార్పిడి అంటే ఒక చిన్న వ్యాపార సంస్థలో చాలాకాలంగా పనిచేస్తున్న పాత సర్వరు స్థానంలో కొత్తదానిని ఏర్పాటు చేసి, పాతదానిలోని డేటాను నష్టం లేకుండా తరలించడం. ఒక కార్యాలయంలోని కంప్యూటర్లన్నింటికీ ఉమ్మడిగా ఫైళ్ళు, లెక్కలు, ప్రింటరు వంటి సేవలను అందించే కంప్యూటరును సర్వరు అంటారు. కొత్త యంత్రం కొనడం ఈ పనిలో సులభమైన భాగం. పాత లెక్కలు కొత్త యంత్రంలో సరిగా తెరుచుకుంటున్నాయని నిరూపించుకోవడమే అసలు పని.

చిన్న పట్టణాలలో అవసరం

చోడవరం 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది; ఆనాటి నుండి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇది చెరకు, వరి పండే ప్రాంతం. ఇటువంటి పట్టణాలలో బియ్యం మిల్లులు, ఎరువుల దుకాణాలు, బెల్లం వ్యాపారాల లెక్కలు తరచు ఒకే కంప్యూటరులో ఉంటాయి. అది పాడైతే బాకీల పట్టికతో పాటు పన్ను లెక్కలు కూడా పోతాయి. వస్తు, సేవల పన్ను చట్టం ప్రకారం ఒక సంవత్సరపు లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలల పాటు భద్రపరచాలి.

ఎప్పుడు మార్చాలి

హార్డు డిస్కులో తిరిగే భాగాలు కాలక్రమేణా అరిగిపోతాయి. వేడి, దుమ్ము, విద్యుత్తు హెచ్చుతగ్గులు ఈ అరుగుదలను వేగవంతం చేస్తాయి. యంత్రం బాగానే ఉన్నా, ఆపరేటింగ్ సిస్టమునకు భద్రతా సవరణలు ఆగిపోతే దానిని మార్చక తప్పదు. మైక్రోసాఫ్టు తన మామూలు మద్దతును విండోస్ సర్వర్ 2003కు 2015 జూలై 14న, 2008కు 2020 జనవరి 14న, 2012కు 2023 అక్టోబరు 10న ముగించింది.

సవరణలు లేని కంప్యూటర్లకు గల ప్రమాదం 2017 మే నెలలో వాన్నాక్రై దాడితో వెల్లడైంది. ఆంధ్ర ప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా అప్పుడు దెబ్బతిన్నాయి. ఆ లోపానికి సవరణ అంతకు రెండు నెలల ముందే విడుదలైంది.

సొంత సర్వరా, క్లౌడా

ఆంధ్ర ప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ అనుభవం ఇక్కడ గమనించదగినది. 1998 నవంబరు 4న 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో ప్రారంభమైన కార్డ్ పథకంలో ఏ కార్యాలయపు సర్వరు ఆ కార్యాలయంలోనే ఉండేది. తరువాతి కాలంలో ఈ వ్యవస్థ కేంద్రీకృత పద్ధతికి మారింది.

చిన్న వ్యాపారి కూడా ఇదే విధంగా క్లౌడు సేవకు మారవచ్చు. అప్పుడు యంత్రం నిర్వహణ భారం తప్పుతుంది కానీ, పని మొత్తం ఇంటర్నెట్టుపై ఆధారపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు ఆ ప్రాంతంలో విద్యుత్తు, టెలిఫోను సేవలు స్తంభించాయి. అందువలన రోజువారీ పనికి స్థానిక సర్వరును ఉంచుకుని, ఒక నకలును దూరప్రాంతంలో భద్రపరచడం మధ్యేమార్గం.

రెయిడ్, బ్యాకప్

రెయిడ్ 1 పద్ధతిలో ఒకే డేటా రెండు డిస్కులలో ఏకకాలంలో నమోదవుతుంది. ఒక డిస్కు చెడినా పని ఆగదు. అయితే పొరపాటున ఒక ఫైలును తొలగిస్తే అది రెండింటిలోనూ పోతుంది. కనుక రెయిడ్ బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలన్నది సాధారణ నియమం.

మార్పిడి క్రమం

1. పాత సర్వరులోని ప్రోగ్రాములు, లైసెన్సులు, ఉమ్మడి ఫోల్డర్లు, వాడుకదారుల జాబితా తయారు చేయాలి.
2. పూర్తి బ్యాకప్ తీసి, దానిని వేరొక కంప్యూటరులో తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మరాదు.
3. చెరకు గానుగ కాలం, మార్చి నెలాఖరు, నెలవారీ పన్ను రిటర్నుల గడువులైన 11, 20 తేదీలు కాకుండా పని తక్కువగా ఉండే రోజును ఎంచుకోవాలి.
4. ఆ రోజు పాత సర్వరులో కొత్త నమోదులు ఆపి, చివరి నకలును కొత్తదానిలోకి చేర్చాలి.
5. రెండింటిలోనూ ఖాతాల నిల్వలు, సరుకు నిల్వలు, చివరి బిల్లు సంఖ్య సరిపోల్చాలి.
6. కనీసం ఒక నెల లెక్కలు కొత్తదానిలో ముగిసేవరకు పాత సర్వరును చెరపకుండా పక్కన ఉంచాలి.

పాత సర్వరు

ఫైళ్ళను తొలగించినంత మాత్రాన డిస్కు నుండి డేటా పోదు. తగిన సాఫ్టువేరుతో వాటిని తిరిగి పొందవచ్చు. కాబట్టి పాత సర్వరును వదిలించుకునే ముందు డిస్కును పూర్తిగా చెరిపివేయాలి లేదా ధ్వంసం చేయాలి. 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నియమాలను అనుసరించి, యంత్రాన్ని పాత ఇనుము వ్యాపారికి కాక నమోదిత రీసైక్లింగు సంస్థకు అప్పగించాలి.