ఇద్దరు ఎక్కితే బండి కుంగిపోతోందా? స్ప్రింగు మార్చే ముందు టేపు పట్టుకోండి

జూన్ దగ్గర పడితే చాలు, మన కుర్రాళ్లకు లద్దాఖ్ పిచ్చి పట్టుకుంటుంది. మా అక్క కొడుకు కూడా అంతే. నికాహ్ అయి ఏడాది తిరగలేదు, హిమాలయన్ 411 మీద దుల్హన్‌ను కూర్చోబెట్టుకుని మనాలి నుంచి లేహ్ వెళ్తానన్నాడు. బండిని రైల్లో పార్శిల్ చేసేలోపు వికారాబాద్ అనంతగిరి ఘాట్‌లో ఒకసారి చూసుకుని రారా అని పంపాం. రాత్రి తిరిగొచ్చాక వాడి ముఖం వాడిపోయి ఉంది.

స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ వెనక ఠక్కుమని కొట్టిందట. మలుపుల్లో హ్యాండిల్ తేలిపోతున్నట్టు అనిపించిందట. హెడ్‌లైట్ రోడ్డు వదిలేసి చెట్ల కొమ్మల మీద పడుతుంటే ఎదురొచ్చిన ప్రతి లారీవాడూ డిప్పర్ కొట్టాడట. వెనక కూర్చున్న పిల్ల అయితే మర్నాడంతా నడుము పట్టుకునే తిరిగింది.

ఈ లక్షణాలన్నిటికీ కారణం ఒక్కటే. వెనక స్ప్రింగు మోయలేనంత బరువు దాని మీద పడింది. వెనక కుంగితే ముందు లేస్తుంది. ముందు చక్రం మీద బరువు తగ్గి హ్యాండిల్ పట్టు పోతుంది, లైటు ఆకాశం చూస్తుంది. షాకబ్జర్ చివరిదాకా దిగిపోయి లోపలి రబ్బరుకు కొట్టుకోవడమే ఆ ఠక్కు శబ్దం. అక్కడి నుంచి గుంత దెబ్బ నేరుగా ఫ్రేముకు, సీటుకు, వెనకున్న మనిషి వెన్నుకు వెళ్తుంది.

మర్నాడు మెకానిక్ వెనక స్ప్రింగు పైనున్న రింగును సి-స్పానర్‌తో బిగించి పంపాడు. "మామూ, స్ప్రింగు గట్టిపడింది, ఇక పర్వాలేదు" అన్నాడు మావాడు.

గట్టిపడలేదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పాత సామాన్లు కొనేవాడి దగ్గర వేలాడే స్ప్రింగు కాటా చూసే ఉంటారు. దాని ముల్లును సున్నా దగ్గర నిలపడానికి ఒక మర ఉంటుంది. ఆ మర తిప్పితే ముల్లు మొదలయ్యే చోటు మారుతుంది తప్ప, కిలో బరువుకు స్ప్రింగు ఎంత సాగాలో అంతే సాగుతుంది. ప్రీలోడ్ రింగు పని కూడా ఇదే. బిగిస్తే బండి ఎత్తు లేస్తుంది. స్ప్రింగు బలం మాత్రం పాతదే. ఆ బలం తీగ మందాన్ని బట్టి, చుట్ల సంఖ్యను బట్టి, చుట్టు వెడల్పును బట్టి ఉంటుంది. దాన్ని మార్చాలంటే స్ప్రింగే మార్చాలి.

మార్చాలా వద్దా అన్నది ఎవరినీ అడగక్కర్లేదు. ఒక టేపు, ఇద్దరు మనుషులు చాలు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని గాలిలోకి లేపండి. ఇరుసు నుంచి నిటారుగా పైన సీటు కింద ఫ్రేము మీద ఒక గుర్తు పెట్టి దూరం కొలవండి. తర్వాత బండిని నేల మీద నిలబెట్టి, మనిషి ఎక్కకుండా కొలవండి. ఆఖరికి మీరు ప్రయాణంలో ఎలా ఉంటారో అలాగే, హెల్మెట్, జాకెట్, సామాను, వెనక మనిషితో సహా ఎక్కి కూర్చుని కొలిపించండి. మొదటి కొలతలోంచి మిగతావి తీసేస్తే బండి ఎంత కుంగిందో తెలుస్తుంది. దీన్నే సాగ్ అంటారు.

మనుషులు ఎక్కాక చక్రం మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కుంగడం సబబు. ఈ బండికి వెనక కదలిక 180 మిల్లీమీటర్లు కాబట్టి 60 దగ్గర ఆగాలి. ముందు 200 కాబట్టి 50 నుంచి 65.

మావాడి బండి కొలిచాం. రింగు వదులుగా ఉన్నప్పుడు ఒక్కడే ఎక్కితే 55. చక్కగా ఉంది. ఇద్దరూ, రెండు బ్యాగులూ ఎక్కితే 100. అంటే గుంత రాకముందే సగానికి పైగా అయిపోయింది. రింగు పూర్తిగా బిగించాక 80కి వచ్చింది. కానీ మనిషి లేకుండా బండి కుంగింది 4 మాత్రమే.

ఆ 4 చాలా ముఖ్యం. చక్రం పైకి లేవడమే కాదు, గుంతలోకి దిగడానికీ కొంత చోటు ఉండాలి. ఆ చోటు లేకపోతే ఒంటరిగా నడిపేటప్పుడు గుంత అంచులో చక్రం నేలను వదిలేస్తుంది. రింగు అంతా బిగించినా బరువుతో ఎక్కువ కుంగుతూ, ఖాళీగా అసలు కుంగకుండా ఉందంటే స్ప్రింగు మెత్తదని అర్థం. అప్పుడే డబ్బు ఖర్చు పెట్టాలి. 65 కిలోల మనిషి ఒక్కడే ఆఫీసుకు వెళ్లొచ్చే బండికి స్నేహితుడు వేయించాడని గట్టి స్ప్రింగు వేస్తే రోజూ ఎగిరెగిరి పడటమే మిగులుతుంది.

మేం దాదాపు నాలుగో వంతు గట్టిది వేయించాం. బరువుతో 70కి, ఖాళీగా 10కి వచ్చింది. 60 రాలేదు నిజమే. అంతకన్నా గట్టిది వేయొచ్చు కదా అంటే, స్ప్రింగు ఎంత బలంగా నొక్కుకుంటుందో అంత బలంగా తిరిగి తన్నుతుంది. ఆ తన్నును ఆపేది షాకబ్జర్ లోపలి ఆయిల్. ఈ బండి వెనక షాకబ్జర్‌లో ఆ పట్టును సరిచేసే మర లేదు. ఇంకా గట్టిది కావాలంటే షాకబ్జర్ మొత్తం మార్చాలి, ఖర్చు చాలా పెరుగుతుంది. దానికి బదులు ఒక బ్యాగు ఇంట్లో వదిలేయమన్నాను. దుల్హన్ ఒప్పుకుంది, వాడే గొణిగాడు.

ముందు ఫోర్కుల సంగతి. రెండు గొట్టాల్లో రెండు స్ప్రింగులు ఉంటాయి, మారిస్తే జతగానే మార్చాలి. ఒక్కొక్కటి మిల్లీమీటరుకు అర కిలో మోసేదైతే రెండూ కలిపి కిలో. అంటే ముందు 20 కిలోలు పెరిగితే 20 మిల్లీమీటర్లు కుంగుతుంది. వెనక మనిషి బరువు చాలావరకు వెనకే పడుతుంది కాబట్టి మాకు ముందు స్ప్రింగు మార్చే అవసరం రాలేదు. స్ప్రింగు అంత తొందరగా అరిగే వస్తువు కాదు. పాడయ్యేది ఆయిల్, సీళ్లు, బుష్‌లు. బ్రేకు వేస్తే ముందు బాగా మునుగుతోందంటే మొదట ఫోర్క్ ఆయిల్ మార్పించి చూడండి. కంపెనీ చెప్పిన మట్టం దాటి పోయనివ్వకండి. లోపల గాలికి చోటు తగ్గితే చివర్లో ఫోర్కు బిగుసుకుపోతుంది, సీళ్లు కారతాయి.

ఇంట్లో తమ్ముళ్లు యూట్యూబ్ చూసి వెనక స్ప్రింగు విప్పుతామంటే మాత్రం గట్టిగా వద్దనండి. నొక్కి పెట్టిన స్ప్రింగు జారితే ముఖం పగులుతుంది. దానికి కంప్రెసర్ పనిముట్టు ఉన్న షాపుకే వెళ్లాలి. షాకబ్జర్‌లో గ్యాసు నింపి ఉంటే దాన్ని తెరవడం అసలే ఇంటి పని కాదు. బండి వారంటీలో ఉంటే షోరూమ్‌లో ముందే అడిగి, జవాబు రాయించుకోండి.

స్ప్రింగు మారాక బండి ఎత్తు మారుతుంది, సైడ్ స్టాండ్ మీద వాలే తీరూ మారుతుంది. హెడ్‌లైట్ మళ్లీ సరిచేయాలి. రాత్రి గోడ ముందు, ఇద్దరూ సామానుతో కూర్చున్నాక చూసుకోవాలి, ఖాళీ బండి మీద కాదు. టైర్లలో గాలి కూడా ఇద్దరి బరువుకు కంపెనీ చెప్పినంత పట్టించాలి. తిరిగొచ్చి ఒంటరిగా తిరిగేటప్పుడు రింగు వదులు చేయడం మరచిపోకూడదు.

మళ్లీ అనంతగిరికే పంపాను. ఈసారి ఠక్కు శబ్దం ఒక్కసారే వినిపించిందట, అదీ చూసుకోకుండా ఎక్కిన పెద్ద బ్రేకర్ మీద. లేహ్ దారిలో 21 మలుపుల గాటా లూప్స్ ఎక్కాక సిగ్నల్ దొరికిన చోట ఫోన్ చేశాడు. బండి బాగుందట. "సీటే గట్టిగా ఉంది మామూ" అని వెనక నుంచి దుల్హన్ గొంతు వినబడింది.