లాగిన్ అయ్యారు సరే.. సర్వర్‌కి గుర్తుండేదెలా?

రెజ్యూమెలో ‘ఆన్‌లైన్ షాపింగ్ ప్రాజెక్టు, లాగిన్ మాడ్యూల్’ అని రాశారా? అయితే ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకి సిద్ధంగా ఉండండి: ‘హెచ్‌టీటీపీ ఏ రిక్వెస్టునీ గుర్తుపెట్టుకోదు కదా, మరి మీ సర్వర్ యూజర్‌ని ఎలా గుర్తుపడుతోంది?’ ‘సెషన్ వాడాం సర్’ అనేసి ఆగిపోతే లాభం లేదు. అసలు ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి.

గుడి దగ్గర చెప్పుల స్టాండు తెలుసుగా! చెప్పులు వాళ్ల దగ్గరే ఉంటాయి. మీ చేతికొచ్చేది నంబరున్న టోకెన్ మాత్రమే. సెషనూ అంతే. మీ కార్టు, లాగిన్ వివరాలు సర్వర్‌లో ఉంటాయి. బ్రౌజర్‌కి కుకీ రూపంలో ఒక ఐడీ వెళుతుంది. టామ్‌క్యాట్‌లో దాని పేరు జేసెషన్ఐడీ. ప్రతి రిక్వెస్టుతోనూ బ్రౌజర్ దాన్ని చూపిస్తుంది. 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లి కుకీని తయారుచేసిందీ షాపింగ్ కార్టు అవసరం మీదే.

టోకెన్ ఎవరైనా కొట్టేస్తే? చెప్పులు వాళ్లవే! అందుకే లాగిన్ అవగానే పాత ఐడీ తీసేసి కొత్తది ఇవ్వాలి. కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ, సెక్యూర్ అనే గుర్తులు పెట్టాలి. ప్రాజెక్టులో ఈ రెండూ చేశామని చెప్పగలిగితే మీ మాటకి బరువొస్తుంది.

తడబడే చోటు ఇంకోటుంది. సెషన్ వేరు, కనెక్షన్ వేరు. ప్రతి రిక్వెస్టుకీ కొత్త కనెక్షన్ తెరవడం ఖర్చు. హెచ్‌టీటీపీ 1.1 నుంచి కనెక్షన్‌ని కాసేపు తెంచకుండా ఉంచడం మామూలైంది. ఇదే కీప్ అలైవ్. సెట్టింగ్ మార్చకపోతే అపాచీ సర్వర్ తర్వాతి రిక్వెస్టు కోసం ఆగేది 5 సెకన్లే. టామ్‌క్యాట్ సెషన్ మాత్రం మీరు కదలకపోయినా 30 నిమిషాలు నిలుస్తుంది. అంటే కనెక్షన్ తెగినంత మాత్రాన లాగౌట్ అయినట్టు కాదు. అలాగని కీప్ అలైవ్ సమయం ఇష్టమొచ్చినట్టు పెంచేస్తే, ఊరికే కూర్చున్న కనెక్షన్ల భారమంతా సర్వర్ మీదే.

ఇక కష్టమైన ప్రశ్న: సర్వర్లు రెండైతే? ఒక స్టాండు టోకెన్ పక్క స్టాండులో చెల్లదు. యూజర్‌ని ఎప్పుడూ ఒకే సర్వర్‌కి పంపడం ఒక దారి; దాన్ని స్టిక్కీ సెషన్ అంటారు. కానీ ఆ సర్వర్ ఆగితే లాగిన్లు పోతాయి. సెషన్లని రెడిస్ లాంటి ఉమ్మడి చోట దాచడం మేలు.

మీ సిస్టమ్‌లోనే చూడొచ్చు. అదే ప్రాజెక్టుని 8080, 8081 పోర్టుల్లో నడపండి. మొదటిదాంట్లో లాగినై, రెండోది తెరవండి. మళ్లీ లాగిన్ అడుగుతుంది. ఇప్పుడు 8080కి తిరిగొస్తే అక్కడా లాగిన్ పోయి ఉండొచ్చు. ఎందుకో ఎఫ్12 నొక్కి, కుకీలు చూసి మీరే పట్టుకోండి.