సెలవు – అనుజ్ఞ – వ్యయం: వానల తర్వాత బడులు తెరవడంపై తల్లిదండ్రుల భిన్నాభిప్రాయాలు
(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నేపథ్యంలో పరిశీలన)

సంక్షిప్తి:

భారీవర్షాల సమయంలో బడులకు ఎన్నిరోజులు సెలవివ్వాలి, మళ్ళీ ఎప్పుడు తెరవాలి అనే విషయంపై తల్లిదండ్రులలో ఏకాభిప్రాయం ఉండదు. ఈ భేదాన్ని సాధారణంగా ‘భద్రత కోరేవారు – చదువు కోరేవారు’ అని రెండు పక్షాలుగా చెబుతారు. ఈ విభజన సరిపోదని ప్రస్తుతవ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగులో ‘సెలవు’ అనే పదానికి విరామం, అనుజ్ఞ, వ్యయం అనే మూడు అర్థాలున్నాయి. వాటిని ఆధారంగా చేసుకొని 2023 జులై వానల సందర్భాన్ని, 2021లో రాష్ట్ర హైకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వును పరిశీలించి, వివాదానికి మూలం వ్యయం, నిర్ణయాధికారం అనే అంశాలలో ఉందని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సెలవు, అనుజ్ఞ, వానసెలవు, బడుల పునఃప్రారంభం, తల్లిదండ్రులు, మేడ్చల్, శామీర్‌పేట.

1. ఉపోద్ఘాతం:

శీతలదేశాలలో మంచుతుఫాను వెలిశాక బడి తెరవాలా వద్దా అన్న చర్చ ఏటా జరుగుతుంది. తెలంగాణలో ఆ స్థానం వానది. జూన్‌లో బడులు తెరుస్తారు. నైరుతి రుతుపవనాలూ ఆ నెలలోనే వస్తాయి. జులై మొదలుకొని సెప్టెంబరు దాకా ఏదో ఒక వారం అల్పపీడనం రావడం, చెరువులు అలుగు పారడం, కాలనీల్లోకి నీరు చేరడం, బడులకు సెలవు ప్రకటించడం మామూలైపోయింది. ఆ సెలవు పొడిగించాలని ఒక తల్లి కోరితే, రేపటినుంచైనా బడి నడపాలని పక్కింటి తల్లి కోరుతుంది. ఇద్దరి పిల్లలూ ఒకే తరగతివారు కావచ్చు. అయినా ఇద్దరి కోరికలూ ఎదురెదురుగా ఎందుకు నిలుస్తాయన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

2. ‘సెలవు’ – అర్థపరిశీలన:

నేటి వాడుకలో సెలవు అంటే పని లేని రోజు. ఇది తర్వాత స్థిరపడిన అర్థం. ‘సెలవు పుచ్చుకోవడం’, ‘ఇక సెలవా?’ అనే ప్రయోగాలలో సెలవు అంటే అనుజ్ఞ. వెళ్ళేవారు అడుగుతారు, ఉండేవారు ఇస్తారు. ‘తమరు సెలవిచ్చినట్లే’ అన్నప్పుడు అది పెద్దల మాట, ఆజ్ఞ. పాత తెలుగులో ‘సెలవు చేయు’ అంటే ఖర్చు చేయడం. తమిళంలో ఇదే మాట నేటికీ ఖర్చు అనే అర్థంలో వ్యవహారంలో ఉంది.

అంటే ఈ ఒక్క పదంలో మూడు ప్రశ్నలు దాగి ఉన్నాయి. విరామం ఎన్నిరోజులు? అనుజ్ఞ ఎవరిది? వ్యయం ఎవరిమీద పడుతుంది? బయటికి వినిపించే వాదమంతా మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. తల్లిదండ్రులను విడదీసేవి మాత్రం తక్కిన రెండు.

3. 2023 జులై – పదకొండు రోజులు:

2023 జులై మూడో వారంలో రాష్ట్రమంతటా ఎడతెరిపిలేని వానలు కురిశాయి. జులై 20, 21 తేదీలలో విద్యాసంస్థలన్నింటికీ ప్రభుత్వం సెలవు ప్రకటించి, దాన్ని 22వ తేదీకి పొడిగించింది. 20వ తేదీ ప్రకటన ఉదయంపూట వెలువడింది. అప్పటికే చాలామంది పిల్లలు బడికి బయలుదేరారు, కొందరు చేరుకున్నారు. ముందురోజు రాత్రే చెప్పవలసిందన్న విమర్శ తల్లిదండ్రులనుంచి గట్టిగా వచ్చింది. 23 ఆదివారం. 24, 25 తేదీలలో బడులు నడిచాయి. 26, 27 తేదీలకు మళ్ళీ సెలవిచ్చి 28కి పొడిగించారు. 29న మొహర్రం, 30 ఆదివారం. పదకొండు రోజులలో బడి నడిచినవి రెండు రోజులు మాత్రమే.

ఆ సెలవులు అనవసరమని చెప్పడానికి వీలులేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగి, గ్రామస్థులు ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకోవలసివచ్చింది. అయితే అవే తేదీలు రాష్ట్రంలోని అన్ని జిల్లాలకూ ఒకే తీరుగా వర్తించాయి. మోరంచపల్లికి తప్పనిసరి అయిన సెలవు, నీరు నిలవని ఊరికీ వచ్చింది. తల్లిదండ్రుల భిన్నాభిప్రాయానికి తొలి కారణం ఇదే. ప్రతివారూ తమ గుమ్మం ముందున్న వానను చూసి మాట్లాడతారు. ఉత్తర్వు రాష్ట్రం మొత్తాన్ని చూసి వెలువడుతుంది.

4. మేడ్చల్, శామీర్‌పేట – ఒకే ఉత్తర్వు, వేర్వేరు ఇళ్ళు:

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. జిల్లా సమీకృత కలెక్టరేటు శామీర్‌పేట మండలంలోని అంతాయిపల్లిలో ఉంది. ఒకవైపు మల్కాజిగిరి వంటి కిక్కిరిసిన నగరప్రాంతం, మరోవైపు పొలాలూ చెరువులూ ఉన్న పల్లెలు ఈ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి వెళతాయి. బాహ్యవలయ రహదారి రెండింటినీ కలుపుతుంది. పరిశ్రమలు, జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, గోదాములు, విశ్వవిద్యాలయ స్థాయి సంస్థలు, విల్లాలు, కూలీల గదులు పక్కపక్కనే ఉంటాయి. రహదారుల వెంట పిల్లలు బడిబస్సుల్లో చాలా దూరం ప్రయాణిస్తారు.

వాతావరణశాఖ లెక్కలో 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీవర్షం, 115.6 నుంచి అతిభారీ, 204.5 నుంచి అత్యంత భారీవర్షం. హెచ్చరికలు పసుపు, నారింజ, ఎరుపు రంగులలో జిల్లాలవారీగా వస్తాయి. నీరు నిలిచే తీరు మాత్రం జిల్లా హద్దులను బట్టి ఉండదు. 2020 అక్టోబరులో ఫాక్స్‌సాగర్ చెరువు పొంగినప్పుడు కొంపల్లి ఉమామహేశ్వర కాలనీ రోజులతరబడి నీటిలో ఉంది. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోని ఎత్తుప్రాంతాలలో జనజీవనం మామూలుగానే సాగింది. ముంపు కాలనీ తల్లికి, ఎత్తున ఉన్న అపార్టుమెంటు తల్లికి ఒకే రంగు హెచ్చరిక వస్తుంది. ఇద్దరి భయాలు మాత్రం ఒకే కొలతలో ఉండవు.

2023 జులైలో ఈ ప్రాంతానికి సంబంధించి మరో ముఖ్యవిషయం ఉంది. జులై 21, 22 తేదీలలో హైదరాబాదు మహానగరపాలక సంస్థ పరిధిలోని ప్రభుత్వ కార్యాలయాలకు కూడా సెలవు ఇచ్చారు. ప్రైవేటు సంస్థలు కూడా సెలవిచ్చేలా చూడాలని కార్మికశాఖకు ప్రభుత్వం సూచించింది. మేడ్చల్, శామీర్‌పేట ఆనాటికి ఆ పరిధిలో లేవు. అంటే ఇక్కడ పిల్లలకు సెలవు, తల్లిదండ్రులకు పని. ఇంటినుంచే పనిచేయగల ఉద్యోగికి ఇది కొంత ఇబ్బంది మాత్రమే. కర్మాగారంలో షిఫ్టుకు వెళ్ళే తల్లి మాత్రం ఆరేళ్ళ పిల్లను ఇంట్లో ఎవరికి అప్పగించాలి? ఆమె ‘బడి తెరవండి’ అనడం పిల్ల భద్రతను తక్కువగా చూడడం కాదు. ఆమెకున్న భద్రమైన చోటు బడి ఒక్కటే.

5. వ్యయం ఎవరిది?

సెలవులోని మూడో అర్థం ఇక్కడ తెరమీదికి వస్తుంది. ప్రభుత్వపాఠశాలలో మధ్యాహ్నభోజనం ఉంది. తెలంగాణలో అది తొమ్మిది, పది తరగతులకూ వర్తిస్తుంది. 2015 నాటి మధ్యాహ్నభోజన నియమాల ప్రకారం బియ్యం లేకనో, వంటమనిషి రాకనో పనిదినాన భోజనం పెట్టకపోతే పిల్లలకు ఆహారభద్రతా భృతి ఇవ్వాలి. సెలవుదినం పనిదినం కాదు గనుక ఆ నియమం దానికి వర్తించదు. వరసగా మూడురోజులు బడి మూస్తే మూడుపూటల అన్నం ఆ ఇంటి ఖర్చులోకి వస్తుంది. వానవల్ల కూలిపని దొరకనిదీ ఆ రోజుల్లోనే. ప్రైవేటు బడికి పంపే కుటుంబానిది వేరే లెక్క. చెల్లించిన రుసుములో బోధన తగ్గిందన్న అసంతృప్తి, పరీక్షల పాఠ్యప్రణాళిక వెనకబడుతుందన్న ఆందోళన వారిని వెంటాడతాయి.

2009 నాటి విద్యాహక్కు చట్టం అయిదో తరగతి వరకు ఏడాదికి 200, ఆరునుంచి ఎనిమిదో తరగతి వరకు 220 పనిదినాలు ఉండాలని నిర్దేశించింది. పోయిన రోజులను ఎక్కడో పూరించాలి. అది రెండో శనివారంమీదనో, పండుగ సెలవులమీదనో పడుతుంది. వానలో ఇచ్చిన సెలవు ఉచితం కాదు. దాని బాకీ ఎప్పుడో ఒకప్పుడు పిల్లలే, ఉపాధ్యాయులే తీరుస్తారు.

6. ‘ఇంట్లో ఉంటే భద్రం’ – ఒక పునఃపరిశీలన:

సెలవు కోరే పక్షం బలమైన ఆధారాలతోనే మాట్లాడుతుంది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని రైల్వేగేటు దాటుతున్న బడిబస్సును రైలు ఢీకొని పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. అది వాన వల్ల జరిగిన ప్రమాదం కాదు. కానీ ఆ రైలుమార్గం మేడ్చల్ మీదుగా వెళ్ళేదే. బడిబస్సు అంటే ఈ ప్రాంతపు తల్లిదండ్రులలో కలిగే గుబులుకు ఆ జ్ఞాపకం ఒక కారణం. నీరు కప్పేసిన రోడ్డుపై బస్సు వెళుతుందంటే వారు వెనకాడడం సహజం.

అయితే బడి మూసినంతమాత్రాన ప్రమాదం తొలగదని గుర్తించాలి. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిలుపై బయటికి వెళ్ళిన బాలిక తెరిచి ఉన్న నాలాలో పడి మరణించింది. అప్పుడు కోవిడ్ కారణంగా బడులు మూసి ఉన్నాయి. 2023 ఏప్రిల్ 29 ఉదయం వానలో పాలకోసం వెళ్ళిన బాలిక సికింద్రాబాదు కళాసిగూడలో నాలాలో పడి మరణించింది. అది వేసవి సెలవుల కాలం. ఈ రెండు దుర్ఘటనలకూ బడి ప్రయాణంతో సంబంధం లేదు. మూత లేని నాలాయే కారణం. సెలవు ప్రకటించడం ఒక్కరోజులో అయ్యే పని, నాలాలకు మూతలు వేయడం అలాంటిది కాదు. తేలికపని చేసి బరువైనదాన్ని వాయిదా వేయడానికి సెలవు సాకుగా మారితే ఇరుపక్షాల తల్లిదండ్రులూ నష్టపోతారు.

7. అనుజ్ఞ ఎవరిది? – 2021 ఉత్తర్వు:

బడుల పునఃప్రారంభంపై భిన్నాభిప్రాయం న్యాయస్థానందాకా వెళ్ళిన సందర్భం కోవిడ్ కాలానిది. 2021 సెప్టెంబరు 1నుంచి అన్ని తరగతులకూ ప్రత్యక్షబోధన ప్రారంభించాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆగస్టు 31న రాష్ట్ర హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్రత్యక్ష తరగతులకు రావాలని ఏ విద్యార్థినీ బలవంతపెట్టరాదు. రానివారిపైన గాని, తెరవని బడులపైన గాని చర్య తీసుకోరాదు. ఏం జరిగినా బడికి బాధ్యత లేదని తల్లిదండ్రులచేత రాయించుకున్న హామీపత్రాలకు చట్టబద్ధత ఉండదు. గురుకులాలను అప్పటికి తెరవవద్దని కూడా ఆదేశించింది.

ఈ ఉత్తర్వులో గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. బడి మూయడం, హాజరును బలవంతపెట్టకపోవడం రెండూ ఒకటి కావు. మొదటిది అందరికీ ఒకే నిర్ణయం. రెండోది బడి తలుపు తెరిచే ఉంచి, పంపాలా వద్దా అనే అనుజ్ఞను తల్లిదండ్రుల చేతికిస్తుంది. అదే సమయంలో బాధ్యతను బడినుంచి తప్పించదు. షిఫ్టుకు వెళ్ళే తల్లి పంపగలదు, ముంపు కాలనీ తల్లి ఆపగలదు. ఇద్దరిలో ఎవరూ రెండోవారిని ఒప్పించవలసిన అవసరం ఉండదు.

దీనికీ పరిమితి ఉంది. కోవిడ్ నెలలతరబడి సాగింది, వాన మూడునాలుగు రోజులది. సగంమంది వచ్చిన తరగతిలో కొత్తపాఠం చెబితే రానివారు నష్టపోతారు, చెప్పకపోతే వచ్చినవారికి రోజు వృథా. వాగులు పొంగి బస్సులు తిరగని రోజున ఉపాధ్యాయులే రాలేరు. అలాంటి రోజున ఎంపిక అనేది మాటవరసకే మిగులుతుంది. మూయడమే సరైనది.

8. మంచుదేశాల అనుభవం:

అమెరికాలో చాలా రాష్ట్రాలు ఏడాదికి 180 బడిరోజులు కోరతాయి. మంచుకోసం కొన్ని రోజులను విద్యాసంవత్సర ప్రణాళికలోనే ముందుగా కేటాయించుకోవడం అక్కడి అనేక విద్యామండలాల పద్ధతి. నిర్ణయం స్థానిక విద్యామండలం అధికారిది. 2024 ఫిబ్రవరి 13న మంచుతుఫాను వచ్చినప్పుడు న్యూయార్క్ నగరం సెలవివ్వకుండా ఆన్‌లైన్ బోధన పెట్టింది. చాలామంది లాగిన్ కాలేక ఇబ్బందిపడ్డారు. సంపన్ననగరంలోనే అలా జరిగిందంటే, ఇంటికి ఒకే ఫోను, అదీ పనికి వెళ్ళిన తండ్రి జేబులో ఉండే కుటుంబాలకు ఆన్‌లైన్ బోధన పరిష్కారమని చెప్పలేం. అక్కడినుంచి గ్రహించదగినవి రెండే: సెలవును ముందే లెక్కలో పెట్టుకోవడం, నిర్ణయాన్ని చిన్నపరిధికి దించడం.

9. ముగింపు:

వానసెలవుపై తల్లిదండ్రుల భేదం జాగ్రత్తపరులకు, నిర్లక్ష్యపరులకు మధ్య ఉన్నది కాదని పై పరిశీలనవల్ల తెలుస్తుంది. ఒకే ఉత్తర్వు వేర్వేరు ఇళ్ళమీద వేర్వేరు బరువుతో పడుతుంది. ఆ బరువులోని తేడాయే అభిప్రాయాలలో తేడాగా వినిపిస్తుంది. ఈ దృష్టితో చూస్తే మూడు సూచనలు సమంజసంగా తోస్తాయి. ఒకటి, సెలవు నిర్ణయం ముందురోజు సాయంత్రమే వెలువడాలి. రెండు, ప్రమాదతీవ్రత తగ్గాక బడి తెరిచే నిర్ణయం మండలస్థాయిలో జరిగి, ముంపు ప్రాంతాల పిల్లలకు హాజరు మినహాయింపు ఉండాలి. మూడు, భోజనం మీద ఆధారపడిన పిల్లలకు సెలవురోజులలోనూ ఆ భృతి అందే మార్గం చూడాలి.

సెలవివ్వడమంటే ఒకప్పుడు అడిగినవారి మాట విని అనుజ్ఞ ఇవ్వడం. ఉత్తర్వు రాసేవారు ఆ పాత అర్థాన్ని గుర్తుంచుకుంటే, పిల్ల చేయి పట్టుకొని వానలో గుమ్మందగ్గర నిలబడిన తల్లికి కొంత మేలు జరుగుతుంది.