గట్టు రోడ్డు మీద బుల్లెట్టు: వంగిన స్టడ్డు చెప్పే సంగతి

పాత బుల్లెట్టుకి వెనక షాకబ్జర్ నూనె కారుతుంటే చాలామంది కొత్తది కొని బిగిస్తారు. కొన్నాళ్లకి కొత్తదీ కారుతుంది. అప్పుడు షాపువాణ్ణి తిట్టుకుంటారు. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి వెనక నుంచి ఒక్కసారి చూస్తే అసలు సంగతి బయటపడేది. రెండు షాకబ్జర్లూ సమంగా నిలబడి లేవు. ఒకదాని తల పక్కకి ఒరిగింది. వంగింది దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే స్టడ్డు. ఒరిగిన షాకబ్జర్‌లో రాడ్డు తిన్నగా దిగక ఆయిల్ సీలుని ఒకవైపే రాస్తూ ఉంటుంది. సీలు ఎన్నిసార్లు మార్చినా అదే పని చేస్తుంది.

ఆ చిన్న స్టడ్డు మీద అంత బరువు ఎప్పుడు పడింది? మోటారు సైకిళ్లకి తొలిరోజుల్లో వెనక స్ప్రింగులే లేవు. చక్రం నేరుగా ఫ్రేముకే బిగించి ఉండేది, మనిషి నడుముని కాపాడింది సీటు కింది స్ప్రింగులే. 1913లో అమెరికాలో ఇండియన్ కంపెనీ లారీలకుండేలాంటి కమాను కట్టలతో వెనక చక్రాన్ని ఊగనిచ్చింది. 1936లో వెలోసెట్ రేసు బళ్లకి గాలి, నూనె కలిసి పనిచేసే షాకబ్జర్లు వచ్చాయి. మామూలు జనం కొనే బండికి ఈ ఏర్పాటు తెచ్చిన తొలి కంపెనీల్లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఒకటి. 1948లో ఇంగ్లండులో బురద గుట్టల మీద జరిగే ట్రయల్ పోటీలకి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊగే చెయ్యి) ఉన్న కొత్త బుల్లెట్టుని తీసుకెళితే, వెనక చక్రం ఎగిరిపడుతుందనీ నేలని పట్టుకోదనీ పాతకాపులు పెదవి విరిచారు. అదే ఏడాది ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో రెండు బుల్లెట్లు బంగారు పతకాలు తెచ్చాయి. ఊగే చక్రం నేలని వదలదనీ, గతుకు వెంట దిగి మళ్లీ లేస్తుందనీ తేలిపోయింది. 1955లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మద్రాస్ మోటార్స్‌తో చేతులు కలిపితే ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది, తిరువొత్తియూరులో బుల్లెట్టు తయారీ మొదలైంది. ఇంగ్లండులో కంపెనీ 1970 నాటికి మూతపడినా మనకి బండి మిగిలింది.

స్ప్రింగు రోడ్డు దెబ్బని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. షాకబ్జర్ లోపలి నూనె సన్నటి రంధ్రాల గుండా నెట్టుకుంటూ పోయి, ఆ ఊపుని వేడిగా మార్చేస్తుంది. ఈ బలమంతా చివరికి చేరేది స్టడ్డుకే. అది ఒక కొస మాత్రమే అతికి, రెండో కొస గాలిలో ఉన్న కమ్మీ. బరువు మొదలుకి దగ్గరగా పడినంతసేపూ భయం లేదు. 10 మిల్లీమీటర్ల దూరంలో పడాల్సిన బరువు, బుష్షు అరిగి, వాషర్లు పెరిగి 20 మిల్లీమీటర్ల దూరానికి జరిగితే వంచే శక్తి రెట్టింపవుతుంది. తుప్పుకి స్టడ్డు మందం పదో వంతు తగ్గితే వంగకుండా నిలిచే బలం పావు వంతుకి పైగా పోతుంది.

గోదావరి డెల్టాలో ఈ రెండు ప్రమాదాలూ కలిసొస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారాయి, వాటి గట్లే తర్వాత చాలా ఊళ్లకి రోడ్లయ్యాయి. కింద బంకమట్టి. వేసవిలో కాలువలు కట్టేస్తే ఎండి బీటలు తీస్తుంది, నీళ్లు వదిలాక ఉబ్బుతుంది. పైన తారు ఎంత బాగా వేసినా అలలు తేలుతుంది. ఆ అలల మీద పాలబండి పోతుంది. 40 లీటర్ల క్యాన్లు రెండు నిండితే పాల బరువే 80 కిలోలు దాటుతుంది. వాటి కొక్కేన్ని తరచుగా తగిలించేది షాకబ్జర్ స్టడ్డుకే, నట్టు కింద మరో పట్టీ వేసి. కోనసీమలో సముద్రపు ఉప్పుగాలి తోడవుతుంది, ఆక్వా చెరువుల గట్ల మీద మేత బస్తాలు మోసే బళ్లది ఇంకా దారుణం.

బెండు తీయడానికి అందరూ చేసే పని స్టడ్డుకి పొడుగాటి పైపు తొడిగి లాగడం. నాకది అసలు నచ్చదు. ఇనుప తీగని అటూ ఇటూ వంచితే తెగినట్టే, ఒకసారి వంగిన ఉక్కుని చల్లగా వెనక్కి వంచితే అప్పటికే అలసిన మొదలు దగ్గర పగులు పుడుతుంది. అందుకే ముందు చూడాల్సింది వంపుని కాదు, పగులుని. రంగు గీకి, కిరసనాయిలు రాసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులుంటే లోపలికి దిగిన కిరసనాయిలు పైకి ఊరి, సుద్ద మీద తడి గీతగా కనిపిస్తుంది. ఒకప్పుడు రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసుల్ని ఇలాగే పరీక్షించేవారు.

తర్వాత కొలత. స్టీరింగు దగ్గర ఒక గుర్తు పెట్టుకుని రెండు స్టడ్ల మొదళ్లకీ టేపు పట్టాలి. మొదళ్లు సమంగా ఉండి కొసలు తేడా వస్తే స్టడ్డు ఒక్కటే వంగింది. దాన్ని కోసేసి, లేతు షాపులో ఈఎన్-8 ఉక్కుతో కొత్తది చేయించడం మేలు. ఆ ఉక్కులో కార్బన్ ఎక్కువ. వెల్డింగుకి ముందు వేడి చేయాలి, తర్వాత నిదానంగా చల్లారనివ్వాలి, నీళ్లు కొడితే పెళుసెక్కుతుంది. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ వైర్లు ముందే తీసేయాలని వేరే చెప్పక్కర్లేదు.

మొదళ్లే తేడాగా ఉంటే ఫ్రేము గొట్టం మెలి తిరిగిందన్నమాట. దాన్ని గ్యాసు మంటతో వేడి చేసే సరిచేయాలి. సుమారు 600 డిగ్రీల దగ్గర మామూలు ఉక్కు బలం సగానికి పైగా తగ్గుతుంది, కొద్దిపాటి ఒత్తిడికే కదులుతుంది. అప్పుడు అది మసక ఎరుపులో ఉంటుంది, ఎండలో ఆ రంగు కంటికి ఆనదు. కనుక పని నీడలో చేయాలి. పాత ఫ్రేముల్లో గొట్టాల కీళ్లు ఇత్తడితో అతికినవి ఉంటాయి, మంట అటు పోనివ్వకూడదు. ఇత్తడి కరిగితే కీలు వదలడంతో ఆగదు. లాగుడులో ఉన్న వేడి ఉక్కులోకి ఆ ద్రవం దూరి పగుళ్లు పెడుతుంది.

బిగింపులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. రబ్బరు బుష్షులున్న షాకబ్జర్లని, బండి స్టాండు మీద చక్రం వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే మనిషి ఎక్కగానే రబ్బరు మెలిపడి, రోజంతా ఆ మెలికలోనే పనిచేస్తుంది. నట్లు వదులుగా పెట్టి, బండి దించి, ఒకరు సీటు మీద కూర్చున్నాక బిగించాలి. పాల క్యాన్ల కొక్కేన్ని మాత్రం మళ్లీ ఆ స్టడ్డుకి తగిలించొద్దు. దానికి ఫ్రేము మీద వేరే పట్టీ వేయించాలి.